కెర్నెల్ కూలితే డంప్ ఎక్కడ పడాలి? చిన్న ఊళ్ల సర్వర్లకు నా లెక్క

సిరిమానోత్సవం రోజు మధ్యాహ్నం విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఉండే జనంలో బండి కాదు కదా, కాలు పెట్టడానికి కూడా చోటు దొరకదు. సరిగ్గా ఆ రోజే మేం చూసుకునే బిల్లింగ్ సర్వర్ కూలింది. అది ఉన్న గది జనానికి అవతల, నేను ఇవతల. వాచ్‌మన్ ఫోన్ చేశాడు: "బాబూ, ఆ డబ్బాకి ఎర్ర లైటెలుగుతంది, ఏటి సెయ్యమంటారు?" ఏమీ చెయ్యొద్దన్నాను. కాసేపటికి దానంతట అదే రీస్టార్ట్ అయింది. రాత్రి వెళ్లి క్రాష్ ఫోల్డర్ తెరిస్తే "వీఎంకోర్ ఇన్‌కంప్లీట్" అన్న పేరుతో ఒక్క ఫైలుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే డిస్కు భాగం, అంటే రూట్ పార్టిషన్, నూటికి నూరు శాతం నిండిపోయింది. ఎందుకు కూలిందో తెలియలేదు సరికదా, డిస్కు నిండిపోయి డేటాబేస్ కూడా మొరాయించింది.

తప్పు నాదే. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్ కూలినప్పుడు మెమరీలో ఉన్నదాన్ని ఫైలుగా, అంటే డంప్‌గా, దాచే లినక్స్ ఏర్పాటు కేడంప్. దాన్ని ఆన్ చేసి, డంప్ ఎక్కడ పడుతుందో ఆలోచించకుండా వదిలేశాను. ఆ తర్వాత ఒక్కో పద్ధతీ పెట్టి చూశాను. శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్లలో రెండు మూడు సర్వర్లు చూసుకునేవాళ్లకి ఏది సరిపోతుందో ఆ అనుభవంతో చెబుతున్నాను. పెద్ద డేటా సెంటర్ వాళ్ల లెక్కలు వేరు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మన దగ్గర సర్వర్ ఆగిందంటే ఎక్కువసార్లు కారణం కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలా ఆగిన మిషన్‌లో డంప్ కోసం వెతికితే ఏమీ దొరకదు. కెర్నెల్ తన తప్పు తాను గుర్తించి "ప్యానిక్" అన్నప్పుడే డంప్ పడుతుంది. కరెంటు పోయినా, బటన్ నొక్కి ఆపినా పడదు. కాబట్టి ఫోల్డర్ ఖాళీగా ఉంటే సెట్టింగుల్ని అనుమానించే ముందు యూపీఎస్ వైపు ఓసారి చూడండి. ఇంకో సంగతి, ఒక ప్రోగ్రామ్ కూలితే పడే కోర్ డంప్ వేరు. దాన్ని సిస్టమ్‌డీ కోర్‌డంప్ చూసుకుంటుంది, దాని ఫోల్డర్ వేరు, హద్దులు వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ కూలడం గురించి.

లినక్స్‌లో ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే ఎంపిక సులువు. బూట్ అయ్యేటప్పుడే ర్యామ్‌లో కొంత ముక్క పక్కన పెడతారు. క్రాష్‌కెర్నెల్ అనే బూట్ పారామీటర్ పని అదే. అసలు కెర్నెల్ కూలిన క్షణంలో, ముందే ఆ ముక్కలో ఎక్కించి ఉంచిన రెండో కెర్నెల్ లేస్తుంది. పోయిన కెర్నెల్ జ్ఞాపకమంతా దానికి ఒక ఫైలులా కనిపిస్తుంది. దాన్ని వడగట్టి, కుదించి, మీరు చెప్పిన చోట రాసి మిషన్‌ని రీస్టార్ట్ చేస్తుంది. ఈ రెండో కెర్నెల్ బతుకు చాలా ఇరుకు. రెడ్ హ్యాట్ 9లో మామూలు ఇంటెల్, ఏఎండీ మిషన్లకు డిఫాల్ట్‌గా ఇచ్చేది 4 జీబీ లోపు ర్యామ్ ఉంటే 192 ఎంబీ, 64 జీబీ దాకా 256 ఎంబీ, ఆపైన 512 ఎంబీ. సాధారణంగా ఒక్క సీపీయూతోనే నడుస్తుంది. అంటే అద్దెగదిలో గ్యాస్ స్టవ్ పెట్టుకుని పెళ్లి వంట చేస్తున్నట్టు. డంప్ పడాల్సిన చోటుకి ఎన్ని డ్రైవర్లు, ఎన్ని పొరలు అవసరమైతే ఆ గది అంత ఇరుకవుతుంది. కింద చెప్పే ప్రతి పద్ధతినీ నేను ఈ ఒక్క కొలతతోనే చూశాను.

మొదటిది, ఏమీ మార్చకుండా వదిలేయడం. అప్పుడు డంప్ రూట్ ఫైల్‌సిస్టమ్‌లోని వార్ క్రాష్ ఫోల్డర్‌లో పడుతుంది. ఉబుంటులో కేడంప్ టూల్స్, రెడ్ హ్యాట్ వైపు కేడంప్ సర్వీస్, రెంటికీ డిఫాల్ట్ ఇదే. లాభం ఏమిటంటే పని లేదు. నష్టాలు రెండు. డిస్కు నిండితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. రెండోది ఇంకా లోతైనది: కూలిన క్షణంలో రూట్ ఫైల్‌సిస్టమ్ మీద సగం రాతలు మిగిలి ఉంటాయి. రెండో కెర్నెల్ దాన్ని మౌంట్ చేయాలంటే ముందు జర్నల్ (ఫైల్‌సిస్టమ్ తన రాతలకు పెట్టుకునే చిట్టా) చదివి సరిదిద్దాలి. మామూలుగా అది సాఫీగానే జరుగుతుంది. కానీ కూలడానికి కారణం ఆ ఫైల్‌సిస్టమే అయితే, కాలిన ఇంట్లోకే సామాను మోస్తున్నట్టు. ఇంట్లో వాడుకునే మిషన్‌కి, ల్యాబ్‌లో పిల్లలు వాడే వాటికి ఇది చాలు. లెక్కలు, బిల్లులు ఉన్న సర్వర్‌కి వద్దు.

రెండోది, నేను ఇప్పుడు వాడుతున్నది: డంప్ కోసమే వేరే చిన్న పార్టిషన్. అదే డిస్కులో అయినా సరే, వేరే డిస్కు ఉంటే మరీ మంచిది. ఇందులో ఇంకేమీ పెట్టకండి. నిండితే అదొక్కటే నిండుతుంది, డేటాబేస్ ఊపిరి ఆగదు. ఎప్పుడూ రాతలు జరగవు కాబట్టి కూలిన క్షణంలో ఆ ఫైల్‌సిస్టమ్ శుభ్రంగానే ఉంటుంది.

ఏ ఫైల్‌సిస్టమ్ అని అందరూ అడుగుతారు. ఈఎక్స్‌టీ4 గానీ, ఎక్స్ఎఫ్ఎస్ గానీ, రెండూ పనిచేస్తాయి. నేను ఈఎక్స్‌టీ4 వేశాను. కారణం చాలా మామూలుది: తర్వాత వేరే పార్టిషన్‌కి చోటు తక్కువైతే దీన్ని అన్‌మౌంట్ చేసి కుదించుకోవచ్చు, ఎక్స్ఎఫ్ఎస్‌ని కుదించడం కుదరదు. మీ సర్వర్ మొత్తం ఎక్స్ఎఫ్ఎస్ అయితే దీన్నీ అదే ఉంచండి, రెండో కెర్నెల్‌కి ఒక మాడ్యూల్ తక్కువ మోత. ఈఎక్స్‌టీ4లో రూట్ యూజర్ కోసం 5 శాతం చోటు డిఫాల్ట్‌గా పక్కన పెడతారు కదా, దాన్ని సున్నా చేయమని సలహాలు వినిపిస్తాయి. డంప్ రాసేది రూటే కనుక ఆ చోటు దానికి ఎలాగూ దొరుకుతుంది, ఆ పని వల్ల ఒరిగేదేమీ లేదు. బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మీద ఉన్న రూట్‌లో స్నాప్‌షాట్లు తీసుకునే వాళ్లకి మాత్రం ఒక హెచ్చరిక: పాత డంప్ చెరిపినా స్నాప్‌షాట్ దాన్ని పట్టుకునే ఉంటుంది, చోటు తిరిగి రాదు. డంప్‌ని స్నాప్‌షాట్‌లోకి రాని చోట పెట్టండి.

ఎన్‌క్రిప్షన్ మాట వేరు. లక్స్ (లినక్స్‌లో డిస్కు ఎన్‌క్రిప్షన్ పద్ధతి) తాళం వేసిన డిస్కు మీదకు డంప్ పంపాలంటే రెండో కెర్నెల్ ఆ తాళం తీయాలి. పాస్‌వర్డ్ కొట్టడానికి రాత్రి రెండింటికి ఎవరుంటారు? ఉన్నా, లక్స్ రెండో వెర్షన్ తాళం లెక్కకు ఆర్గాన్2 వాడుతుంది, దానికే 1 జీబీ దాకా మెమరీ కావాలి. మన రెండో కెర్నెల్ ఉన్నదే 256 ఎంబీ గదిలో. కాబట్టి తాళం లేని చిన్న పార్టిషన్, లేదా నెట్‌వర్క్. తాళం లేకపోతే డంప్‌లో పాస్‌వర్డులు, కస్టమర్ల వివరాలు బయట పడవా అంటే, పడతాయి. అందుకే ఫోల్డర్‌కి రూట్ తప్ప ఎవరికీ అనుమతి ఇవ్వొద్దు, పని అయ్యాక డంప్‌ని మరో చోటికి తరలించి ఈ పార్టిషన్‌లోంచి చెరిపేయండి. మౌంట్ ఆప్షన్లలో నోఎగ్జెక్, నోసూయిడ్, నోడెవ్ మూడూ పెట్టవచ్చు, డంప్‌కి అడ్డం రావు.

రెడ్ హ్యాట్ కుటుంబంలో ఒక చిక్కు ఉంది, నేను గంటసేపు తల పట్టుకున్నాను. కేడంప్ కాన్ఫ్ ఫైల్లో పార్టిషన్ పేరు ఇచ్చాక, పాత్ అనే లైను ఆ పార్టిషన్ లోపలి దారి అవుతుంది. డిఫాల్ట్ పాత్ మార్చకపోతే డంప్ మీ కొత్త పార్టిషన్ లోపల మళ్లీ వార్, దాని లోపల క్రాష్ అని ఫోల్డర్లు కట్టుకుని కూర్చుంటుంది. డంప్ పడలేదనుకుని నేను వెతికింది పై ఫోల్డర్‌లో. ఇంకోటి, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు రాయకండి. రెండో కెర్నెల్‌లో డిస్కులు వేరే వరసలో కనిపించొచ్చు. పార్టిషన్‌కి ఉండే మారని గుర్తింపు సంఖ్య, అంటే యూయూఐడీ, రాస్తే ఆ టెన్షన్ ఉండదు. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ సర్వీస్ రీస్టార్ట్ చేయండి, అప్పుడే రెండో కెర్నెల్ వాడుకునే డ్రైవర్లు, సెట్టింగుల సంచి మళ్లీ కడుతుంది.

ఎంత చోటు అన్నదే అసలు ప్రశ్న. మేక్‌డంప్‌ఫైల్ అనే టూల్ ర్యామ్‌ని చేటలో పోసి చెరిగినట్టు పొల్లు తీసేస్తుంది. మైనస్ డి 31 అని కనిపిస్తుందే, అది ఐదు సంఖ్యల మొత్తం: సున్నాలతో నిండిన పేజీలకి 1, రెండు రకాల క్యాష్ పేజీలకి 2, 4, ప్రోగ్రామ్‌ల సొంత డేటాకి 8, ఖాళీ పేజీలకి 16. 31 అంటే ఇవన్నీ వదిలేసి కెర్నెల్ సొంత పేజీలే దాచమని. మా 32 జీబీ సర్వర్‌లో పరీక్షకి కూల్చినప్పుడు డంప్ 1 జీబీ చుట్టుపక్కలే వచ్చింది. అది చూసి మోసపోయాను. కెర్నెల్ లోపలే మెమరీ లీకు ఉంటే ఆ పేజీలు పొల్లు కిందకి రావు, గింజల కిందే లెక్క. అంటే డంప్ అతి పెద్దదయ్యేది మనకి అది అతి అవసరమైన రోజునే. మేక్‌డంప్‌ఫైల్‌కే మెమ్ యూసేజ్ అనే ఆప్షన్ ఉంది. నడుస్తున్న మిషన్‌లోనే ఏ రకం పేజీలు ఎన్ని ఉన్నాయో, ఏవి వదిలేయొచ్చో చూపిస్తుంది. దాన్ని కొత్తగా రీస్టార్ట్ చేసిన రోజు కాదు, నెల రోజులు నడిచాక చూడండి. నా కొలత: 32 జీబీ దాకా ర్యామ్ అయితే ర్యామ్ అంత పార్టిషన్, అంతకంటే పెద్దదైతే కనీసం సగం. డిస్కు ధరలు చూస్తే ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

కుదించే పద్ధతుల్లో ఎల్‌జెడ్ఓనే ఉంచండి. జెడ్‌లిబ్ ఇంకొంచెం చిన్నది చేస్తుంది గానీ ఒక్క సీపీయూతో అది నత్తనడక. ఆలోగా హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ "మిషన్ పలకడం లేదు" అనుకుని మధ్యలో రీసెట్ కొడితే అంతా నీళ్లపాలు.

మూడోది రా పార్టిషన్, అంటే ఫైల్‌సిస్టమే లేకుండా నేరుగా డిస్కు మీద రాయడం. కొలత ప్రకారం ఇదే అతి తేలిక, మౌంట్ లేదు, జర్నల్ లేదు. కానీ ఒక్క డంపే పడుతుంది, తర్వాతది దాన్ని తుడిచేస్తుంది. పార్టిషన్ నంబరు ఒకటి తప్పు రాస్తే డేటా ఉన్న పార్టిషన్ మీదే రాసేస్తుంది. ఆ భయంతోనే నేను పెట్టలేదు.

ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ కుటుంబంలోని మరో ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్లకి ఈ ఆలోచన కొత్తేమీ కాదు. అక్కడ రెండో కెర్నెల్ అంటూ ఉండదు. కూలుతున్న కెర్నెలే స్వాప్ పార్టిషన్ మీద రాసేసి చస్తుంది, మళ్లీ లేచాక సేవ్‌కోర్ అనే ప్రోగ్రామ్ దాన్ని వార్ క్రాష్‌లోకి తెస్తుంది. విండోస్ దారీ అదే, స్వాప్ బదులు పేజ్ ఫైల్. మన ఊళ్లలో షాపుల్లో అకౌంట్స్ మిషన్లు ఎక్కువగా విండోసే కాబట్టి దాని గురించి నాలుగు మాటలు. డ్రైవర్ గొడవలకి ఆటోమేటిక్ మెమరీ డంప్ చాలు, విండోస్ 8 నుంచి డిఫాల్ట్ అదే. కంప్లీట్ డంప్ కావాలంటే పేజ్ ఫైల్ ర్యామ్ కంటే 257 ఎంబీ ఎక్కువ ఉండాలి. చిన్న ఎస్ఎస్‌డీ ఉందని పేజ్ ఫైల్‌ని తీసేసినవాళ్లకి డంప్ రాదు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వేరే డ్రైవ్‌లో డెడికేటెడ్ డంప్ ఫైల్ పెట్టుకునే దారి రిజిస్ట్రీలో ఉంది. డొమైన్‌లో లేని మిషన్‌లో ఖాళీ చోటు 25 జీబీ కంటే తగ్గితే విండోస్ ఆ డంప్‌ని తనే చెరిపేస్తుంది. దాన్ని ఆపే టిక్ బాక్స్ స్టార్టప్ అండ్ రికవరీ కిటికీలోనే కనిపిస్తుంది.

ఇక నెట్‌వర్క్. ఎన్ఎఫ్ఎస్ (వేరే మిషన్ ఫోల్డర్‌ని మనదిలా వాడుకోవడం) అయినా, ఎస్ఎస్‌హెచ్ (తాళం వేసిన రిమోట్ కనెక్షన్) అయినా డంప్ వేరే మిషన్‌కి వెళ్తుంది. దీనికి బలమైన కారణం ఒక్కటే: డిస్కు కంట్రోలర్ లేదా దాని డ్రైవర్ మీద అనుమానం. రెండో కెర్నెల్ వాడేదీ అదే డ్రైవర్ కాబట్టి అప్పుడు లోకల్ డంప్ ఎన్ని పార్టిషన్లు మార్చినా పడదు. నేనైతే రెంటిలో ఎస్ఎస్‌హెచ్ వైపే. ఎన్ఎఫ్ఎస్‌లో అవతలి సర్వర్ రూట్ యూజర్‌ని మామూలు యూజర్‌గా మార్చేస్తే రాయడానికి అనుమతి ఉండదు, పైగా వైరు మీద డేటా మామూలుగా తెరిచి పెట్టినట్టే పోతుంది. ఎస్ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ అడగని కీ ముందే అవతల పెట్టాలి, మేక్‌డంప్‌ఫైల్‌కి మైనస్ క్యాపిటల్ ఎఫ్ కలపాలి. అవతల పడే ఫైలు పేరు చివర ఫ్లాట్ అని ఉంటుంది. అది పాడైన డంప్ కాదు, మైనస్ క్యాపిటల్ ఆర్‌తో మామూలు రూపంలోకి తెచ్చుకోవాలి.

ఒకే గదిలో, ఒకే స్విచ్ మీద ఉన్న రెండు సర్వర్ల మధ్య ఇది బాగుంటుంది. పలాసలోని బ్రాంచి నుంచి విజయనగరం ఆఫీసుకి బ్రాడ్‌బ్యాండ్ మీద పంపుదాం అనే ఆలోచన మాత్రం మానుకోండి. అంత సేపు సర్వర్ లేవదు, కౌంటర్ దగ్గర క్యూ పెరుగుతుంది. ఆ స్విచ్‌కి యూపీఎస్ ఉందో లేదో కూడా చూసుకోండి.

యూఎస్‌బీ హార్డ్ డిస్కు గురించి అడుగుతారు. రెండో కెర్నెల్ దాన్ని గుర్తుపట్టేలోపు టైమ్ అయిపోవడం చూశాను. ఎవరో దాన్ని పీకి సినిమాలు కాపీ చేసుకోవడమూ చూశాను. వద్దు.

మీ సర్వర్ లినక్స్ కేవీఎం, లిబ్‌వర్ట్ మీద నడిచే వర్చువల్ మిషన్ అయితే అదృష్టవంతులు. హోస్ట్ నుంచే వర్ష్ డంప్ కమాండ్‌తో లోపలి మెమరీ మొత్తం తీసుకోవచ్చు, గెస్ట్ లోపల కేడంప్ ఉన్నా లేకపోయినా.

ఏది ఎంచుకున్నా దానితో పాటు పీస్టోర్ ఆన్‌లో ఉంచండి. కేడంప్ ఉన్న లినక్స్‌లో ఇది రాయాలంటే క్రాష్ కెక్సెక్ పోస్ట్ నోటిఫయర్స్ అనే బూట్ పారామీటర్ కూడా పెట్టాలి. కూలే ముందు కెర్నెల్ అన్న చివరి మాటలు మదర్‌బోర్డు మీది చిన్న మెమరీలో దాచుకుంటుంది, తిరిగి లేచాక సిస్టమ్‌డీ వాటిని ఫైలుగా తీసి పెడుతుంది. కొద్ది కేబీల రాతే, కానీ డిస్కు, నెట్‌వర్క్ రెండూ పోయిన రోజు అదే దిక్కు. అసలు చాలాసార్లు మొత్తం డంప్ చదవాల్సిన పనే పడదు. డంప్ పక్కనే పడే డీమెసేజ్ టెక్స్ట్ ఫైలులో దోషి మాడ్యూల్ పేరు కనిపిస్తుంది. పూర్తి డంప్ తెరవాలంటే సరిగ్గా అదే వెర్షన్ కెర్నెల్ డీబగ్ ఫైళ్లు కావాలి, కాబట్టి కూలిన రోజు కెర్నెల్ వెర్షన్ ఏదో రాసిపెట్టుకోండి.

డంప్ రాయడం కుదరకపోతే ఏం చేయాలన్నది కూడా మీరే నిర్ణయించాలి. రెడ్ హ్యాట్‌లో ఫెయిల్యూర్ యాక్షన్ అనే లైనుకి డిఫాల్ట్ రీబూట్. దాన్ని షెల్‌గా మార్చితే మీరు వెళ్లి కూర్చునేదాకా సర్వర్ ఆగి ఉంటుంది. సిరిమాను రోజున అలా ఉంటే నా పని అయిపోయేది. రీబూట్ ఉంచండి. పాత డంప్‌ల సంగతికొస్తే, ఉబుంటు, డెబియన్లలో ఎన్ని ఉంచాలో చెప్పే సెట్టింగ్ కేడంప్ టూల్స్‌లోనే ఉంది. రెడ్ హ్యాట్‌లో మీరే ఏర్పాటు చేసుకోవాలి. రెండు ఉంచితే చాలు.

పెట్టిన తర్వాత ఒక్కసారైనా కావాలని కూల్చి చూడండి. కూల్చకుండా పెట్టిన కేడంప్‌ని నేను లెక్కలోకి తీసుకోను. ఆదివారం సాయంత్రం కౌంటర్ కట్టేశాక, బ్యాకప్ తీసుకుని, సింక్ కొట్టి, సిస్‌ఆర్‌క్యూ ట్రిగర్‌లోకి సి అక్షరం పంపితే కెర్నెల్ అక్కడికక్కడే పడిపోతుంది. లేచాక చూడాల్సింది ఫైలు ఉందా లేదా అన్నది ఒక్కటే కాదు. పేరులో ఇన్‌కంప్లీట్ అని లేదు కదా, క్రాష్ టూల్‌తో తెరుచుకుంటోందా, ఎంతసేపు పట్టింది అన్నవి కూడా. కెర్నెల్ పెద్ద వెర్షన్ మారినప్పుడు మళ్లీ ఇంకోసారి.

మా సర్వర్ రెండు వారాల తర్వాత మళ్లీ కూలింది. ఈసారి 32 జీబీల కొత్త పార్టిషన్‌లో డంప్ పూర్తిగా పడింది, సైజు 11 జీబీ. తెరిచి చూస్తే కెర్నెల్ తన సొంత పనులకు వాడుకునే స్లాబ్ మెమరీ ఉబ్బిపోయి ఉంది. తింటున్నది ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తనతో తెచ్చుకున్న మాడ్యూల్. పరీక్షలో 1 జీబీ వచ్చిన డంప్ మొదటిసారి రూట్‌లో మిగిలిన 9 జీబీల్లో ఎందుకు పట్టలేదో అప్పుడు తెలిసింది. ఆ మాడ్యూల్ తీసేశాం. పార్టిషన్‌లో ఆ 11 జీబీ ఫైలు ఇంకా అలాగే ఉంది. అమ్మినవాళ్లు తమ తప్పు కాదంటున్నారు మరి.